మడతలు కోయని పుస్తకం

(1938 ఏప్రిల్‌లో మార్కాపురం మిషను బడి ఆవరణలో జరిగిన వీడ్కోలు సభలో ఉపదేశి పిచ్చయ్యగారు సన్మానానికి చెప్పిన జవాబు.)

సభాధ్యక్షులు, పలకల వ్యాపారి శ్రీ రామసుబ్బయ్య శెట్టిగారికి, మన అయ్యగార్ల సభ ప్రెస్బిటెరీకి పెద్ద అయిన మోడరేటరు, నా భార్యకు స్వయానా అన్న అయిన రెవరెండ్ ఓబులయ్యగారికి, వేదిక మీద కుర్చీలు దొరికిన పెద్దలకు, దొరకక కింద చాపల మీద కూర్చున్న ఇంకా పెద్దవాళ్ళకు, రైలు దిగి బండి కట్టించుకొని వచ్చిన అయ్యగార్లకు, తెల్లవారకముందే తర్లుపాడులో బయలుదేరి నడిచి వచ్చిన నా సంఘస్థులకు, వందనాలు. ఆఖరున చెప్పినవాళ్ళకు రెండు వందనాలు.

నాకంటే ముందు ఆరుగురు మాట్లాడినారు. ఆరుగురూ నన్ను దీపమన్నారు, ఉప్పన్నారు, ఒకాయన ద్రాక్షతీగె అని కూడా అన్నాడు. ఈ తాలూకాలో ద్రాక్షతీగె ఎట్లుంటుందో చూసినవాడు ఒక్కడు లేడు కాబట్టి ఆ పోలిక నాకు సరిపోయిందో లేదో తేల్చేవాళ్ళు లేరు. (నవ్వులు) ముప్పై ఒక్క ఏండ్లు నేను ఈ మిషనులో పని చేస్తుండగా ఈ మాటల్లో ఒక్కటి ఒక్కరు కూడా నా ముఖాన అనలేదు. పోతున్నానని తెలిసినాక ఇంత ప్రేమ పుట్టింది. ముందే తెలిసుంటే రెండేండ్లకొకసారి పోతానని బెదిరించేవాణ్ణి.

క్రైస్తవుల సభకు శెట్టిగారు అధ్యక్షులేంది అని మొన్న కమిటీలో ఎవరో అడిగినారంట. అడిగినాయన ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను, ఆయనే తల దించుకొన్నారు. మా బడి పిల్లలకు పలకలు పంపింది ముప్పై ఏండ్లుగా శెట్టిగారే. ఆయన దుకాణంలో నేను ఎన్నోసార్లు కూర్చొని చూసినాను. పలక మూటలో కట్టేముందు ప్రతిదాన్నీ చేతిలోకి ఎత్తి వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని మోత వింటారు. కంటికి కనబడని బీట ఉంటే మోత మారుతుందంట. ఒక కాణీ విలువ చేసే పలకకు ఇంత పరీక్ష. మన ప్రెస్బిటెరీ మనుషులకు అభిషేకం చేసి అయ్యగార్లను చేసేటప్పుడు ఇందులో పదో వంతు కూడా చెయ్యదు. అందుకే ఆ కుర్చీలో శెట్టిగారు ఉండాలని నేనే పట్టుబట్టినాను.

ఇప్పుడు ఈ సన్మానపత్రం సంగతి. అద్దం కట్టించినారు, చుట్టూ జరీ కాగితం అంటించినారు, చాలా బాగుంది. మీరు దూరంగా ఉన్నారు కాబట్టి మీకు కనబడనిది నాకు కనబడుతున్నది. 'రెవరెండ్ పిచ్చయ్యగారికి' అని అచ్చు పడింది. పడినాక ఎవరో చూసుకొన్నారు. చూసుకొని ఆ 'రెవరెండ్' మీద నల్లసిరాతో అడ్డంగా ఒక గీత గీసినారు. అది చాలదని పైన ఇంకొకటి గీసినారు. అచ్చాపీసు వాళ్ళను అనడానికి లేదు. పోయిన ఏడు గిద్దలూరులో ఒక అయ్యగారికి ఇచ్చిన పత్రాన్ని తీసుకుపోయి, పేరు మార్చి వెయ్యమన్నారు. వాళ్ళు పేరు మార్చినారు. లోపల 'మీ పవిత్ర హస్తములతో మా బిడ్డలకు బాప్తిస్మమిచ్చి' అనే మాట అట్లే ఉంది, దాన్ని కొట్టెయ్యడం మరిచిపోయినారు. (నవ్వులు)

నవ్వకండి. ఈ చేతులు ఒక్క బిడ్డకు కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. వాక్యం చెప్పినాను, అక్షరాలు దిద్దించినాను, పెండ్లి మాటలు కుదిర్చినాను, గుంటలు తవ్వినాను, కలరా వచ్చినప్పుడు ఎవరూ తొక్కని గడపలు తొక్కినాను. బిడ్డ నెత్తిన మూడు చుక్కలు నీళ్ళు చల్లడానికి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవడానికి మాత్రం నాకు అధికారం లేదు. అవి అభిషేకం పొందిన అయ్యగార్ల పనులు, నేను ఉత్త ఉపదేశిని. ఎందుకట్ల మిగిలిపోయినానో ముసలివాళ్ళకు తెలుసు, పడుచువాళ్ళకు తెలియదు, తెలిసినవాళ్ళు తలా ఒక రకంగా చెబుతారు. ఈ కొట్టేసిన మాటను నా చేతికిచ్చి నన్ను మాట్లాడమన్నారు. కాబట్టి దీని గురించే మాట్లాడతాను.

1912 మే నెల. దొనకొండలో ప్రెస్బిటెరీ కూడింది. స్టేషనుకు కూతవేటు దూరంలో మన పాత మిషను దొరగారి బంగళా ఉండేది, అందులో. అభిషేకానికి అభ్యర్థులం ఇద్దరం, నేనూ మా ఓబులయ్య బావా. ఇద్దరం మూడేండ్లు ఒకే గదిలో ఉండి చదువుకొన్నాం. ఒకే పచ్చడి జాడీ, ఒకే గొడుగు. ఆయన చెల్లెలు గోవిందమ్మను నేను చేసుకొని అప్పటికి రెండేండ్లు. మా ఇద్దరినీ ప్రసంగం చెప్పమన్నారు, చెప్పినాం. ప్రశ్నలు అడిగినారు, నెగ్గినాం. నిజం చెప్పాలంటే బావకంటే నాకే నాలుగు మార్కులు ఎక్కువ వచ్చినాయి. ఆయన ఒప్పుకోడు, కానీ రికార్డులో ఉంది.

ఇంక మిగిలింది ఒక్క ప్రశ్న. అభ్యర్థి నిలబడాలి. మోడరేటరు అడుగుతారు, 'ఈ విశ్వాస ప్రమాణ గ్రంథమును చదివి, గ్రహించి, హృదయపూర్వకముగా అంగీకరించుచున్నావా?' అభ్యర్థి 'అంగీకరించుచున్నాను' అనాలి. అన్నాక ఆ పుస్తకం చివర ఉన్న తెల్లకాగితం మీద సంతకం పెట్టాలి. ముందురోజు మాకు ఇదంతా నేర్పించినారు. ఎప్పుడు లేవాలి, తలపాగా ఎప్పుడు తియ్యాలి, 'అంగీకరించుచున్నాను' అనేటప్పుడు గొంతు ఎంత పెంచాలి, అన్నీ నేర్పించినారు. పుస్తకం మాత్రం చూపించలేదు. మేము బడిలో చదివింది పిల్లలకు చెప్పే చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం. పెద్దది ఒకటి ఉందని వినడమే.

నేను లేచి, అయ్యా, చదివినానని చెప్పేముందు ఒకసారి చదవాల కదా, ఆ పుస్తకం ఇప్పిస్తారా అని అడిగినాను. ఆ గదిలో పదకొండు మంది అయ్యగార్లు ఉన్నారు. పెండ్లిపీటల మీద కూర్చొని పెండ్లికూతురి పేరేంది అని అడిగినవాణ్ణి చూసినట్ల చూసినారు నన్ను. పుస్తకం అల్మారాలో ఉంది, అల్మారా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ గుర్తు లేదు, వంటాయన ఉప్పుడబ్బాలో నుంచి తీసి తెచ్చినాడు. పుస్తకం వచ్చింది. మంచి అట్ట, వెన్నుమీద బంగారు అక్షరాలు. తెరవబోయినాను. తెరుచుకోలేదు.

పడుచువాళ్ళకు ఇది చెప్పాలి. ఆ కాలం పుస్తకాలు ఇప్పటి మాదిరి అంచులు కోసి వచ్చేవి కావు. అచ్చాపీసులో పెద్ద కాగితాన్ని మడిచి కుట్టేసేవారు. చదవదలచుకొన్నవాడు కత్తి తీసుకొని మడతలు కోసుకుంటూ పోవాలి, కోసిన పేజీ వరకే కనబడుతుంది. ఆ పుస్తకంలో మొదటి ఎనిమిది పేజీలు కోసి ఉన్నాయి. అందులో ఉండేది పుస్తకం పేరు, ముందుమాట, విషయసూచిక. మళ్ళీ ఆఖరి మడత కోసి ఉంది, ఆ కాగితం బాగా నలిగింది, అక్కడ పదకొండు సంతకాలు ఉన్నాయి. నడుమ రెండువందల పేజీలు చెన్నపట్నంలో ముప్పై ఏండ్ల కిందట ఎట్ల మడిచినారో అట్లే ఉన్నాయి. పదకొండు మంది చదివి, గ్రహించి, హృదయపూర్వకంగా అంగీకరించిన పుస్తకంలోకి అప్పటిదాకా గాలి కూడా పోలేదు.

(కొంతసేపు నవ్వులు)

నేను ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. ప్రమాణం చేసి చెబుతాను. 'కత్తి ఉంటే ఇప్పించండి' అన్నాను, అంతే. దాన్ని రికార్డులో 'అభ్యర్థి సభయందు కత్తి అడిగెను' అని రాసుకొన్నారు. ఈనాటికీ అట్లే ఉంది. తరువాత చదివినవాళ్ళు నేను ఆ రోజు ఎవరినో పొడవబోయినాననుకొన్నారు. ఒకాయనైతే నా పక్కన కూర్చొని అన్నం తినడానికి రెండేండ్లు జంకినాడు.

కత్తి ఇచ్చింది దొరగారే. మామిడిపండ్లు కోసుకొనే చిన్న చాకు. ఆయన ముఖం ఎర్రబడింది, కోపంతో కాదు. ఆయన సంతకం ఆ కాగితం మీద లేదు, తన దేశంలో తన భాషలో చదివే పెట్టి వచ్చినాడు. తనవాళ్ళు సముద్రం దాటించి తెలుగు చేయించిన పుస్తకాన్ని ఇక్కడ ఎవరూ తెరవలేదని ఆయనకు ఆ రోజే తెలిసింది. సాయంత్రం దాకా గడువిచ్చినాడు. నేను స్టేషను పక్కన వేపచెట్టు కింద కూర్చొని కోసినాను. ఒక మడత కోసేది, చదివేది, ఇంకొకటి కోసేది. గుంటూరు బండి వచ్చిపోయింది, చూడలేదు. చాలా మటుకు నాకు నచ్చింది. గట్టి పుస్తకం. వెటకారానికి చెప్పడం లేదు, ఆలోచించగలిగినవాళ్ళు రాసిన పుస్తకం. పదో అధ్యాయం దాకా వచ్చి అక్కడ ఆగిపోయినాను.

ఎందుకు ఆగిపోయినానో చెప్పాలంటే మూడో వరుసలో కూర్చున్న మాలకొండమ్మను మీరు ఒకసారి చూడాలి. సిగ్గుపడవద్దమ్మా, ఇవ్వాళ ఇంతమంది ఇన్ని అబద్ధాలు సిగ్గు లేకుండా చెప్పినారు, నువ్వు నిజానికి సాక్షిగా నిలబడటానికి సిగ్గేంది. ఆ దొనకొండ సభకు ముందు ఏడు ఎండాకాలం సెలవుల్లో నన్ను తర్లుపాడు పంపినారు. మాలకొండమ్మకు అప్పుడు తొలిచూలు ఆడబిడ్డ. బాప్తిస్మానికి అయ్యగారి కోసం కాచుకొన్నారు. అయ్యగారు బండెద్దుకు కాలు బెణికిందని రాలేదు. ఇరవయ్యో రోజున బిడ్డ పోయింది. ఈమె రెండు రోజులు గుక్కెడు నీళ్ళు తాగలేదు. మూడో రోజు నేను గడపలో కూర్చుంటే అడిగింది.

'అన్నా, నీళ్ళు పడకుండానే పాయె గదా, నా బిడ్డ యాడుంది?'

దేవుని దగ్గరుందమ్మా అన్నాను. ఎవరినీ అడగలేదు, ఏ పుస్తకమూ చూడలేదు. ఆ మాట విన్నాక ఆమె గంజి తాగింది.

పదో అధ్యాయంలో ఏముందంటే, పసితనంలో చనిపోయే బిడ్డల్లో దేవుడు ముందుగా ఏర్పరచుకొన్నవాళ్ళు రక్షణ పొందుతారని ఉంది. అంతే ఉంది. ఏర్పరచుకోని బిడ్డల సంగతి చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి అట్లాంటి బిడ్డలు లేరని కొందరు, చెప్పలేదు కాబట్టే ఉన్నారని కొందరు, గొప్ప గొప్ప పండితులు తగువులాడుకొంటున్నారంట. ఆడుకోనీయండి. నేను ఆ సంతకం పెట్టి తర్లుపాడు పోతే మాలకొండమ్మతో ఏమనాలి? 'నీ బిడ్డ దేవుని దగ్గరుంది, ఏర్పరచుకొన్నదైతే' అనాలి. తాగిన గంజిని తిరిగి కక్కించాలి. ఆ 'అయితే' అనే మాట నా నోట రాదు. అక్కడ ఒక వేపాకు గుర్తు పెట్టి ముందుకు పోయినాను.

ముందుకు పోతే ఇరవయ్యో అధ్యాయంలో ఏముందనుకొన్నారు? మనిషి మనస్సాక్షి మీద దేవునికి తప్ప ఎవరికీ అధికారం లేదని, మనుషులు కల్పించిన కట్టడలతో దాన్ని కట్టెయ్యకూడదని ఉంది. ఆ పుస్తకంలోనే ఉంది. ఆ మడత కూడా నేనే కోసినాను. మనస్సాక్షిని కట్టెయ్యవద్దని చెప్పే పుస్తకాన్నే తాడు చేసి మనుషులను కట్టేస్తున్నారు, అందులో ఏముందో కట్టేవాళ్ళకూ తెలియదు, కట్టించుకొనేవాళ్ళకూ తెలియదు. నాకు ఆ చెట్టు కింద ఒక్కడికే నవ్వు వచ్చింది. టికెట్లు ఇచ్చే ఆయన నన్ను చూసి ఎండదెబ్బ అనుకొని కుండలో నీళ్ళు తెచ్చి ఇచ్చినాడు.

సాయంత్రం పోయి చెప్పినాను. పుస్తకమంతా చదివినాను, గ్రహించినంత గ్రహించినాను, ఈ ఒక్క వాక్యం దగ్గర నా మనస్సు ఒప్పలేదు, దీని పక్కన నా పేరు రాసి ఒప్పుకోలేదని రాసుకోండి, మిగిలినదానికంతా సంతోషంగా సంతకం పెడతాను అన్నాను. దొరగారు తమ దేశంలో ఇట్లాంటివాళ్ళు ఉన్నారని, సభ విని, అది మూలానికి భంగం కాదనుకొంటే ఒప్పుకొంటుందని చెప్పినాడు. మన పదకొండు మంది ఒప్పుకోలేదు. పవిత్రమైన పుస్తకం అంచున రాయకూడదంట. చదవకుండా ముప్పై ఏండ్లు ఉంచవచ్చు, రాయకూడదు. ఒక పెద్దాయన, ఇప్పుడు లేరు, ఇతని పేరు పిచ్చయ్య అని మాకు ముందే తెలుసు, ఇంత సార్థకమైన పేరని ఇప్పుడే తెలిసింది అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆయన జీవితంలో వేసిన ఒకే ఒక్క మంచి హాస్యం అది.

వరండాలో మా బావ నా చెయ్యి పట్టుకొన్నాడు. 'సంతకం పెట్టు బావా. నిన్ను చదవమని ఎవరడిగినారు?' అన్నాడు. ప్రశ్నలో మొదటి మాటే 'చదివి' అని ఉంది గదా అన్నాను. 'అది మాటవరసకు బావా' అన్నాడు. అని లోపలికి పోయి గొంతు ఎంత పెంచాలో అంత పెంచి 'అంగీకరించుచున్నాను' అన్నాడు. పన్నెండో సంతకం ఆయనది. అక్షరాలు చాలా అందంగా ఉంటాయి, చూడవచ్చు.

తరువాత ఇరవై ఆరేండ్లు ఇట్ల గడిచినాయి. తర్లుపాడు చుట్టుపక్కల తొమ్మిది పల్లెలకు నేను ఉపదేశిని, ఆ పల్లెలకు సంవత్సరానికి రెండుసార్లు ఎవరో ఒక అయ్యగారు బండి మీద వచ్చేవారు. ఆయన వచ్చే రోజు సంఘస్థులకంటే ముందు కోళ్ళకు తెలిసేది. (నవ్వులు) పొద్దున దిగి, పిల్లలనందరినీ వరుసలో నిలబెట్టి నీళ్ళు చల్లి, రొట్టె విరిచి, నేను ఆరు నెలలు చెప్పిన పాఠం నుంచి రెండు ప్రశ్నలు అడిగి, కోడి కూర తిని, కొంచెం నడుం వాల్చి, చల్లబడినాక బండెక్కేవారు. రిపోర్టులో 'నేను తొమ్మిది పల్లెలను పోషించితిని' అని రాసేవారు. వాళ్ళను ఎవరు పోషించినారో తర్లుపాడు ఆడవాళ్ళను అడగండి.

ఇట్ల మాట్లాడుతుంటే నాకు కూడా హాయిగా ఉంది, దాచుకోను. కానీ ఒక సంగతి నా మీద కూడా ఉంది, అది నేను చెప్పకపోతే వేదిక దిగినాక మాలకొండమ్మ చెబుతుంది. నేను సంతకం పెట్టి ఉంటే ఆ పల్లెలకు ఊళ్ళోనే ఒక అయ్యగారు ఉండేవాడు. చావు మంచం మీద పడినవాళ్ళు రొట్టె కోసం బండి చప్పుడు వింటూ పోవలసిన పని ఉండేది కాదు. నీళ్ళు పడకుండా పోయిన బిడ్డలను నేను నా చేతులతో నలభై ముగ్గురిని పూడ్చినాను. మనస్సాక్షి నాది, ఆకలి వాళ్ళది. ఇది నాకు తెలుసు. దేవుడు అడిగినప్పుడు కూడా ఇదే చెబుతాను.

ఆ నలభై ముగ్గురిలో ఒకడు నా కొడుకు.



1916 లో. నలభై రోజులవాడు. పేరు పెట్టలేదు. బావకు కబురు పెట్టినాను, నీళ్ళు చల్లడానికి రమ్మని. ఆయన అదే పొద్దుట బయలుదేరినాడు, నేనేమీ అనను, వచ్చేటప్పటికి గుంట తవ్వేసినాము. గోవిందమ్మ గుంట పక్కనే నేల మీద కూర్చొని ఉంది. అన్న ముఖంలోకే చూస్తున్నది. బావ చేతిలో భూస్థాపన క్రమం పుస్తకం ఉంది. తెరిచినాడు. మూసేసినాడు. మూసేసి ఒకటే మాట అన్నాడు. 'వీడు దేవుని దగ్గరున్నాడమ్మా. నాకు తెలుసు.'

అయితే గియితే అనలేదు. గోవిందమ్మ ఆ మాట పట్టుకొనే బతికింది. నాలుగేండ్ల కిందట పోయేటప్పుడు కూడా వాడి దగ్గరికి పోతున్నానని చెప్పి పోయింది.

బావా, ఇరవై రెండేండ్లు నేను నిన్ను ఒక మాట అడగలేదు. గోవిందమ్మ ఉండగా అడగకూడదనుకొన్నాను. ఇప్పుడు ఆమె లేదు. ఆ గుంట దగ్గర నువ్వు చెప్పింది, దొనకొండలో నువ్వు సంతకం పెట్టింది, రెండూ ఒకటి కాదు. ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో నీకూ తెలుసు, నాకూ తెలుసు. గుంట దగ్గర నువ్వు చెప్పినదానికి నేను నిన్ను ఎప్పుడూ తప్పు పట్టలేదు. ఆ రోజు ఒక్కరోజు నువ్వు నిజమైన అయ్యగారివి. నాకు రోత పుట్టేది ఏందంటే, ఆ మాట చెప్పిన నోటితోనే తరువాత ఎంతమంది పడుచువాళ్ళను నిలబెట్టి 'చదివి, గ్రహించి' అని అడిగినావో, వాళ్ళు 'అంగీకరించుచున్నాను' అంటుంటే తల ఊపినావో, అది.

పాతవి తవ్వుతున్నాడు ముసలోడు అనుకొంటున్నారు. పాతవి కావు. రేపు పొద్దున పది గంటలకు ఇదే ఆవరణలో ప్రెస్బిటెరీ కూడుతున్నది. అభ్యర్థి సుందరరాజు. అదిగో, వెనక స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. తర్లుపాడు బడిలో నా దగ్గర అక్షరాలు దిద్దుకొన్నవాడు, ఇప్పుడు నాకు తెలియని మూడు భాషలు చదువుతాడు. వాడు కూడా పుస్తకం అడిగినాడు. ఈసారి తాళంచెవి దొరికింది. పాత పుస్తకం ఇచ్చినారు, నేను కోసినదే. పదో అధ్యాయంలో నా వేపాకు అట్లే ఉందని తెచ్చి చూపించినాడు. ఆకు ఎండింది గానీ చిట్లలేదు. ఇరవై ఆరేండ్లలో ఆ పేజీ తిప్పిన చెయ్యి ఒకటి ఉన్నా అది పొడి అయిపోయి ఉండేది. వెనక కాగితం మీద మాత్రం ఇరవై మూడు సంతకాలు ఉన్నాయి, ఇంక చోటు లేదు. చోటు లేదని చెన్నపట్నం నుంచి కొత్త పుస్తకం తెప్పించినారు. మంగళవారం బండికి వచ్చింది. నేను చేతిలోకి తీసుకొని చూసినాను. ఎక్కడో అడుగున పడి ఉన్న పాత అచ్చే పంపినారు. ఒక్క మడత కూడా కోసి లేదు. (నవ్వులు)

సుందరరాజు మనసు కూడా ఆ వాక్యం దగ్గరే ఆగింది. కమిటీవాళ్ళు పిలిచి మంచిగా చెప్పినారంట, సంతకం పెట్టకపోతే పిచ్చయ్య మాదిరి అయిపోతావు అని. నా పేరు ఈ మిషనులో పిల్లలను బెదిరించే మాట అయింది, చాలా సంతోషం. వాడు వచ్చి, పెట్టమంటారా, వద్దంటారా అని నన్ను అడిగినాడు. నేను చెప్పలేదు. పెట్టమంటే ఆనాటి పదకొండు మంది అయ్యగార్ల పక్కన నేను పన్నెండోవాణ్ణి అవుతాను. వద్దంటే ఆ తొమ్మిది పల్లెలు మళ్ళీ బండి చప్పుడు కోసం కాచుకొంటాయి. అయినా నేను చెబితే వాడు చేస్తే, వాడికి నేను ఇంకొక పుస్తకం అవుతాను. అందుకే ఈ మాట వాడికి చెప్పడం లేదు, నీకు చెబుతున్నాను బావా.

ఇంకొకటి ఒప్పుకోవాలి. దొరగారి చాకు నేను తిరిగి ఇవ్వలేదు. ఆ రోజు గొడవలో జేబులో వేసుకొన్నాను, తరువాత ఆయన తన దేశం వెళ్ళిపోయినాడు. ఇదిగో. మూడు వేళ్ళ పొడవు ఉంది. మొన దగ్గర ఇంకా మామిడిరసం మరక ఉంది, ఎంత తోమినా పోలేదు.

రేపు మోడరేటరు కుర్చీలో నువ్వు ఉంటావు. ఆ ప్రశ్న అడిగేది నువ్వు. అడిగేముందు కొత్త పుస్తకంలో పదో అధ్యాయం మడత నీ చేత్తో కొయ్యి. మాలకొండమ్మ ముందువరుసలో కూర్చుంటుంది, చాప నేను వేయిస్తాను. ఆ వాక్యం ఆమెకు వినబడేటట్ల చదువు. ఆమె ముఖం చూస్తూ చదవగలిగితే, సుందరరాజును సంతకం అడుగు, నేను నోరెత్తను. నీ గొంతు రాకపోతే, మన బిడ్డ గుంట దగ్గర నువ్వు చెప్పిన మాటను ప్రశ్న చేసి అడుగు. వాడు 'అంగీకరించుచున్నాను' అంటాడు. వాడి వెనక నేను కూడా నిలబడి ఉంటాను. తలపాగా తీసి, నీకు నేర్పించినంత గొంతుతో నేను కూడా అంటాను. ఇరవై ఆరేండ్లుగా నేను ఆ మాట అనడానికే కాచుకొని ఉన్నాను బావా. అడిగేవాడు లేక అనలేదు.

(ఓబులయ్యగారు లేవలేదు.)

ఇప్పుడు లేవనక్కరలేదు. ఈ చాకు బల్ల మీద పెడుతున్నాను.

శాలువా కప్పినవాళ్ళకు, కోడి కోసినవాళ్ళకు, కొట్టేసిన పత్రం ఇచ్చినవాళ్ళకు, ఓపికగా విన్న శెట్టిగారికి కృతజ్ఞతలు. పత్రం మీద గీతలు చెరపవద్దు, అట్లే ఉండనీయండి, ఈ సాయంత్రం నా గురించి చెప్పినవాటిలో నిజం అదొక్కటే. మాలకొండమ్మా, రేపు పొద్దున పది గంటలకు, మరిచిపోవద్దు.

బావా, చూసుకో. పిడి నీ వైపు తిప్పి పెట్టినాను.

సెలవు.